ఫిల్ములో పడని కండ

చీపురుపల్లి స్టేషన్ రోడ్డులో మెట్ల కింద గది.
ఇరవై రెండేళ్లుగా, రోజుకి నలభై సార్లు
రెండే మాటలు అమ్ముకుని బతుకుతున్నాను:
"ఊపిరి పీల్చి బిగబట్టు."
"వదిలెయ్."

గరివిడి కొలిమి దగ్గులు,
జనపనార దుమ్ము మింగిన దగ్గులు,
సైకిలు మీంచి పడ్డ పిల్లల జబ్బలు,
అందరూ నా మాటకే ఆగి
నా మాటకే మళ్ళీ కదుల్తారు.

ఈవేళ అసిరప్పడు వచ్చాడు.
తప్పెటగుళ్ళ మేళంలో ముందు వరస మనిషి.
రేకు తప్పెట రొమ్ముకి కట్టుకుని ముప్పై ఏళ్ళు
ఎగిరి, కూచుని, గిర్రున తిరిగి పాడినవాడు.
చొక్కా విప్పితే, తప్పెట అంచు ఒరిసిన చోట
చర్మం గవ్వలా మెరిసింది.

"కొడితే నొప్పి నేదు బాబూ, ఎగిరినా నేదు.
పాట సివర లాగీసరికి
ఈ డొక్కలోన ఎవుడో పట్టుకుని మెలిపెట్టీసినట్టుంటాది."
వేలు ఎముక మీద పెట్టలేదు.
రెండెముకల మధ్య సందులో పెట్టాడు,
తాళంచెవి దూర్చినంత సూటిగా.

ఆ సందు నాకు తెలుసు.
విజయనగరంలో డిప్లొమా చదివేటప్పుడు
పర్శుకాంతర కండరాలు గీసి గీసి
ఎర్ర పెన్సిలు అరగదీశాను.
అటు పదకొండు సందులు, ఇటు పదకొండు.
పై పొర పోగులు వాలుగా కిందికీ ముందుకీ దిగుతాయి,
ప్యాంటు జేబుల్లో చేతులు పెడితే వేళ్ళు ఎటు పోతాయో అటు.
కింది పొరది ఎదురు వాలు,
నులకమంచం అల్లేవాడు తాడు మీంచి తాడు లాగినట్టు.
మూడోది ఉల్లిపొరంత.
ఆ లోపలి రెంటి నడుమ, పై ఎముక గాడిలో
సిర, ధమని, నరం,
వానకి చూరు కింద నిలబడ్డ ముగ్గురు.
అందరికన్నా కింద నరం. దానికే చూరు చాలదు.

పై పొర బిగిస్తే పక్కటెముక
బకెట్టు పిడి లేచినట్టు పక్కకి లేస్తుంది.
అడుగున ఉదరవితానం దిగుతుంది.
గాలి వస్తుంది, పిలవక్కర్లేదు.
మామూలుగా వదలడానికి ఎవరూ ఒళ్ళు వంచక్కర్లేదు,
ఎత్తిన పిడి దానంతటదే వాలుతుంది.
కానీ దగ్గాలంటే, కేకెయ్యాలంటే,
పాట చివరి అక్షరాన్ని ఊరి పొలిమేర దాకా తొయ్యాలంటే
అప్పుడు లోపలి పొర లేచి
ఎముకల్ని కిందికి గుంజి
ఉన్న గాలినంతా పిండుతుంది.
ముప్పై ఏళ్ళుగా అసిరప్పడి జీతగాడు అది.

"పర్శుకాంతరం పట్టింది తాతా."
"ఏటి?"
"సందు కండ."
"అలగ సెప్పు మరి. మేకని కోసినప్పుడు సూడనేదేటి?
సన్న కండ. ఎముకని ఒగ్గదు. పళ్ళతో పీకాల."

చల్లటి పలక మీద రొమ్ము ఆన్చి నిలబెట్టి
అద్దం వెనకనించి అరిచాను: బిగబట్టు.
బిగబట్టాడు. మీట నొక్కాను.
ఫోను మోగింది. మా తమ్ముడు, గ్యాసు బండ గొడవ.
మాట్లాడి, పెట్టేసి, తలెత్తితే
ఇంకా అలాగే ఉన్నాడు,
ఇన్ని పిడులూ పైకెత్తి పట్టుకుని,
మెడ నరాలు ఉబ్బి,
నా రెండో మాట కోసం.

వదిలెయ్ తాతా, వదిలెయ్!
వదిలాడు. గోడ మీద క్యాలెండరు కాగితం లేచింది.
"నువ్వు సెప్పనేదు కదా," అన్నాడు.

ఫిల్ము దీపానికి ఆనించాను.
తెల్లటి కమ్ములు వరసగా, ఎక్కడా బీట లేదు.
సందులన్నీ నలుపు.
ఎత్తినవాడూ పడలేదు, దింపినవాడూ పడలేదు.
ఎముక బాగుందని రాశారు డాక్టరుగారు.
నెల్లాళ్ళు పాట మానమన్నారు.
"నెల్లాళ్ళా? గైరమ్మ సంబరం ఇరవై దినాల్లోకి ఒచ్చీసినాది."
దానికి మందుచీటీలో చోటు లేదు.

ఫిల్ము కవరు రొమ్ముకి అదిమి పట్టుకుని
రాజాం బస్సు కోసం నిలబడ్డాడు.
కవరు మీద వేళ్ళు ఆడుతున్నాయి.
పెదాలు ఒక చోట తెరుచుకుని
అక్కడే ఆగిపోయాయి.

తర్వాతి మనిషిని పిలిచాను.
బిగబట్టు, అన్నాను.
ఫోను కట్టేసే ఉంది.